పోరంకి నుంచి వన్‌టౌన్‌కి: ఏళ్ల తరబడి సిటీ బస్సు ఎక్కాక

విజయవాడ సిటీ బస్సుకి నేను అయిదుకి రెండున్నర మార్కులు వేస్తాను. ఎక్కి కూర్చున్నాక ప్రయాణానికైతే మూడున్నర ఇవ్వొచ్చు. స్టాపులో నిలబెట్టినందుకు ఒకటి కోసేశాను.

నాది పోరంకి. వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. పొద్దున బందరు రోడ్డు మీదుగా కాళేశ్వరరావు మార్కెట్ దాకా, రాత్రి మళ్లీ అదే దారి. ఇంట్లో స్కూటీ ఉంది గానీ అది పిల్లాడితో కాలేజీకి పోతుంది. కాబట్టి నాకు బస్సే దిక్కు.

ముందు బస్సు సంగతి. ముసలిదైపోయింది, అందులో దాచేదేం లేదు. వాన పడితే వెనక వైపు పైకప్పు సందుల్లోంచి నీళ్లు కారతాయి. ఏ సీటు తడుస్తుందో రోజూ ఎక్కేవాళ్లకి తెలుసు. అది ఖాళీగా ఉందని కొత్తవాళ్లు సంబరంగా వెళ్లి కూర్చుంటారు, బెంజ్ సర్కిల్ వచ్చేసరికి లేచి నిలబడతారు. కిటికీ అద్దం సగం దాకా జరిగి బిగుసుకుపోతుంది. ముందు బోర్డులో సగం లైట్లు వెలగవు, అందుకని అద్దం వెనక అట్టముక్క మీద ఊరి పేరు రాసి పెడతారు. దూరం నుంచి అది కనబడదు. బస్సు దగ్గరికొచ్చాక చదివి చెయ్యెత్తేలోపు అది ముందుకెళ్లిపోతుంది. మే నెలలో ఇంజను పక్కన నిలబడాల్సి వస్తే ఆ వేడి గురించి బెజవాడ వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

అయినా సరే, పాతదనాన్ని నేను క్షమించేస్తాను. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ పొడిగించకూడదని కేంద్రం 2023 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది. బాగా పాతవి ఎలాగూ పోవాల్సిందే. పోయిన ప్రతి బస్సు చోటా ఇంకోటి రావాలి, లేకపోతే డొక్కు బస్సు కూడా ఉండదు. అదే ఏడాది ఆగస్టులో దేశమంతటికీ 10,000 ఎలక్ట్రిక్ బస్సులంటూ పీఎం ఈ-బస్ సేవ పథకం ప్రకటించారు. స్టాపులో అప్పుడు మొదలైన ఆ కబుర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

నా అసలు బాధ, బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. అరగంట ఆగాలని ముందే తెలిస్తే ఇంట్లో ఇంకో పని చక్కబెట్టుకుని బయల్దేరతాను. అయిదు నిమిషాల్లో రావచ్చు, ముప్పావుగంటకీ రాకపోవచ్చు అన్నప్పుడే టెన్షన్. స్టాపులో షెల్టరుంది, దానికి పెద్ద ప్రకటన ఉంది, రాత్రిళ్లు దానికి లైటు కూడా ఉంది. ఏ నంబరు బస్సు ఏ వేళకి వస్తుందో చెప్పే చిన్న పట్టిక మాత్రం లేదు. బస్సు ఎక్కడుందో చూపించే యాప్ ఫోన్‌లో వేసుకున్నాను. హైదరాబాద్ వెళ్లే బస్సుని చక్కగా చూపించింది. నా సిటీ బస్సు మాత్రం ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట ఆగిపోయే ఉంటుంది.

ఇంకో చిత్రం. చాలాసేపు ఒక్కటీ రాదు, వస్తే రెండు వెంటవెంటనే వస్తాయి. మొదటిదాంట్లో ఫుట్‌బోర్డు మీద కూడా చోటుండదు, రెండోది సగం ఖాళీ. కావాలనే ఇలా చేస్తారని స్టాపులో తిట్టుకుంటారు గానీ, గమనిస్తే కారణం తెలుస్తుంది. ముందు బస్సు సిగ్నల్ దగ్గర కాస్త ఆలస్యమైందంటే తర్వాతి స్టాపులో జనం ఎక్కువ పోగవుతారు. వాళ్లందరూ ఎక్కడానికి, టికెట్లు కొట్టడానికి ఇంకాస్త ఆలస్యం. ఆ పై స్టాపులో జనం ఇంకా ఎక్కువ. వెనక బస్సుకి ఎక్కేవాళ్లే మిగలరు కాబట్టి అది జోరుగా వచ్చి దీన్ని పట్టేసుకుంటుంది. మధ్యలో ఒకచోట ఎవరో ఒకరు నిలబడి వెనకదాన్ని కాసేపు ఆపితే సగం సమస్య తీరుతుంది. దానికి కొత్త బస్సు కొననక్కర్లేదు, అందుకే నాకు ఎక్కువ కోపం.

పైగా బందరు రోడ్డు మీద బస్సు స్టాపంటే షేర్ ఆటోల అడ్డా. బస్సు ఆగాల్సిన చోట ఆటోలు ఉంటాయి, బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది, మనం రెండు ఆటోల సందులోంచి పరిగెత్తాలి. మా పక్క కొట్టు పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. ఆ పరుగు చేతకాకే ఆయన బస్సు మానేశాడు. ఆటోవాళ్లని తిట్టి లాభం లేదు, రాత్రి నన్ను ఇంటికి చేర్చేదీ చాలాసార్లు వాళ్లే.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణమంటూ స్త్రీశక్తి పథకం వచ్చింది. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. నెలనెలా పాసుకి పెట్టే డబ్బు మిగులుతోంది, అది చిన్న విషయం కాదు. మా కొట్టులో మడతలు పెట్టే అమ్మాయిలు అంతకుముందు పోలీస్ కంట్రోల్ రూమ్ దాకా నడిచి, అక్కడ ఎక్కి చార్జీ కొంత మిగుల్చుకునేవాళ్లు. ఇప్పుడు మార్కెట్ దగ్గరే ఎక్కుతున్నారు. జనం పెరిగారు, నా రూట్లో బస్సులు పెరిగినట్టు మాత్రం నాకు కనబడలేదు. దాంతో మగవాళ్ల మూతి విరుపులు మొదలయ్యాయి. “ఫ్రీ కదా, ఊరికే తిరుగుతున్నారు” అని ఒకాయన అంటే, వెనక నుంచి ఒక ముసలమ్మ “నీ టికెట్ డబ్బులు మేమేం తీసుకోలేదు లే నాయనా, జరుగు” అంది. బస్సంతా నవ్వారు. బస్సులు చాలకపోతే మనలో మనం కొట్టుకోవడం ఏమిటో నాకర్థం కాదు.

మా చెల్లెలి ఇల్లు సత్యనారాయణపురంలో. అక్కడి బీఆర్‌టీఎస్ రోడ్డు చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. పాత రైలు పట్టాలు తీసేసిన జాగాలో, బస్సుల కోసమని మధ్యలో విడిగా దారి వేశారు. నేను చూసినంతవరకూ అందులో నడక కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. మెట్రో మాటకొస్తే, 2014 విభజన చట్టం నాటి నుంచీ వింటున్నాం. బస్టాండ్ నుంచి ఒక లైను గన్నవరానికి, ఒకటి మా వైపు పెనమలూరుకి అంటున్నారు. వస్తే ఎక్కుతాను. అంతవరకు ఉన్న బస్సు వేళకి రావాలి కదా.

మూడున్నర ఇస్తానన్నది ఎందుకో కూడా చెప్పాలి. అది కండక్టర్లకి, డ్రైవర్లకి. “ముందుకి జరగండమ్మా, ముందంతా ఖాళీయే” అని అరుస్తూనే పసిపిల్లతో ఎక్కినావిడకి సీటు ఇప్పిస్తారు. చిల్లర లేదని ఒక్కసారి కూడా నన్ను దింపలేదు. పాత గేర్లతో, అంత జనంతో, బెంజ్ సర్కిల్ దాటించడం మాటలా!

కొత్తగా ఈ రూట్లో తిరగబోయేవాళ్లకి నాలుగు మాటలు. పొద్దున ఎనిమిదిన్నర లోపు ఎక్కేస్తే కూర్చుని వెళ్లొచ్చు. నిండిన బస్సు వస్తే తొందరపడకండి, ఒకసారి దాని వెనక వైపు చూడండి, రెండోది కనుచూపు మేరలో ఉండొచ్చు. దసరా రోజుల్లో వన్‌టౌన్ వైపు వాహనాలు మళ్లిస్తారు కాబట్టి కంట్రోల్ రూమ్ దగ్గర దిగి నడవడానికి సిద్ధపడే బయల్దేరండి. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం బస్సుని నమ్ముకోకండి, షేర్ ఆటోకి డబ్బులు పర్సులో విడిగా ఉంచుకోండి.