డబ్బున్న ఓనరా, సభ్యుల ఓటా: ఫుట్‌బాల్ క్లబ్బుకు ఏది మేలు?

2012 మే నెలలో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ మైదానంలో మ్యాచ్ జరుగుతుండగా ఎవరో ఒక కోడిని వదిలారు, దానికి క్లబ్బు జెండా కప్పి మరీ. ఆ రాత్రే ఆ జట్టు ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగ్‌కు జారిపోయింది. కోడే ఎందుకంటే, 2010లో ఆ క్లబ్బును కొన్నది వెంకీస్ వాళ్లు. మన కోళ్ల పరిశ్రమకు దారి చూపిన బి.వి.రావు స్థాపించిన సంస్థ అది. గుడ్డు ధర చెప్పే నెక్ కూడా ఆయన చలవే. పౌల్ట్రీలో అంత పేరున్న సంస్థకు ఫుట్‌బాల్ మాత్రం అచ్చిరాలేదు.

అంతకుముందు అదే బ్లాక్‌బర్న్‌ను జాక్ వాకర్ అనే స్థానిక ఉక్కు వ్యాపారి చేతిలోకి తీసుకుని, డబ్బు కుమ్మరించి, 1995లో ఛాంపియన్‌ను చేశాడు. ఊరు అదే, పద్ధతీ అదే. మారింది ఓనరు మాత్రమే. ఇంగ్లండ్ పద్ధతిలో ఉన్న చిక్కంతా ఇదే. మంచి ఓనరు దొరికితే పండగ, లేకపోతే అభిమానులు చేయగలిగింది కోడిని వదలడమే.

మరి డబ్బుకు పగ్గం లేదా అంటే, ఉంది. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపించకూడదని ప్రీమియర్ లీగ్ నిబంధన పెట్టుకుంది. అది దాటినందుకు 2023 నవంబరులో ఎవర్టన్ క్లబ్బుకు 10 పాయింట్లు కోశారు, అప్పీలులో అది 6 అయింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. చెల్సీ మాత్రం తన రెండు హోటళ్లను తన సోదర సంస్థకే 7.65 కోట్ల పౌండ్లకు అమ్మి లెక్క సరిచేసుకుంది. కుడి జేబులోది ఎడమ జేబులో వేసుకుని లాభం వచ్చిందనడం లాంటిదే ఇది. అయినా చెల్లింది.

నాకు ఇంతకంటే బాధ కలిగించింది న్యూకాజిల్ క్లబ్బు కథ. 2021లో దాన్ని కొన్నది సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి. వాళ్లకు డబ్బుకు కొదవేముంది? కానీ నష్టాల పరిమితి దాటకూడదు కాబట్టి 2024లో ఇలియట్ ఆండర్సన్‌ను అమ్మేశారు. పిల్లలకు ఆట నేర్పే క్లబ్బు సొంత అకాడమీలో పెరిగిన స్థానిక కుర్రాడు. అకాడమీ ఆటగాడిని కొనడానికి ఖర్చేమీ ఉండదు గనుక, అమ్మిన ధర మొత్తం లాభం కిందే రాసుకోవచ్చు. అంటే క్లబ్బుల్ని కాపాడాల్సిన రూలే సొంత పిల్లల్ని ముందు అమ్ముకోమంటోంది. 2026-27 నుంచి నష్టాన్ని కాకుండా, జట్టుపై పెట్టే ఖర్చును ఆదాయంలో 85 శాతానికి కట్టేస్తారు. అప్పుడు ఆదాయం ఎక్కువున్న క్లబ్బే ఎక్కువ ఖర్చు పెడుతుంది. పెద్దవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

జర్మనీ వాళ్లు మొదటి నుంచీ వేరే ప్రశ్న అడిగారు. ఎంత ఖర్చు పెడతావని కాదు, ఓటు ఎవరిదని. 1998లో వచ్చిన 50+1 నిబంధన ప్రకారం, పెట్టుబడిదారు ఎంత డబ్బు తెచ్చినా సగానికి పైన ఒక్క ఓటు అభిమానులే సభ్యులుగా ఉండే క్లబ్బు చేతిలోనే ఉండాలి. జర్మన్ లీగ్ మీడియా హక్కుల్లో 8 శాతం వాటాను బయటి పెట్టుబడిదారుకు ఇద్దామని చూసినప్పుడు అభిమానులు మైదానాల్లోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఆలోచనే మానుకుంది. కోడితో పని కాలేదు గానీ బంతులతో అయింది, ఎందుకంటే ఇక్కడ విసిరేవాళ్ల వెనక ఓట్లున్నాయి.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. 2013 నుంచి 2023 దాకా వరసగా 11 సార్లు బాయెర్న్ మ్యూనిక్ జట్టే ఛాంపియన్. ఆ వరుసను తెంచిన లెవర్‌కూసెన్ వెనక ఉన్నది బాయర్ మందుల కంపెనీ, 50+1 నుంచి మినహాయింపు పొందిన క్లబ్బు! లైప్‌జిగ్‌లో రెడ్‌బుల్ కంపెనీ ఓటు హక్కున్న సభ్యుల్ని గుప్పెడు మందికే పరిమితం చేసి, నిబంధన మాటను పాటిస్తూనే దాని ప్రాణం తీసింది. సభ్యుల ఓటు దుబారానూ ఆపలేదు. 2005లో డోర్ట్‌మండ్ దివాలా అంచు దాకా వెళ్లింది.

టీవీ ముందు కూర్చుని చూడటానికైతే నా ఓటు ఇంగ్లండ్‌కే. ఈ ఏడాది ఎవరు గెలుస్తారన్న టెన్షన్ అక్కడే ఎక్కువ. కానీ క్లబ్బు మన ఊరిదైతే జర్మనీ పద్ధతే కావాలంటాను, బాయెర్న్ బెడద ఉన్నా సరే. ఓడిపోయిన జట్టు వచ్చే ఏడాది మళ్లీ ఆడుతుంది, ఊరు దాటిపోయిన జట్టు ఆడదు.

ఇది మనకు తెలియనిదేం కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. రెండేళ్లు తిరక్కుండానే ఆటగాళ్ల జీతాలు బకాయి పడ్డాయి, ఆ తర్వాత యాజమాన్యం మారింది. గచ్చిబౌలిలో ఆడిన ఆ జట్టు 2025లో పేరు కూడా మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. వద్దని ఓటు వేయడానికి మనలో ఎవరికీ అందులో సభ్యత్వం లేదు.