సూప్‌లో క్రీమ్‌కి బదులు ప్యాకెట్ కొబ్బరిపాలు: ఏ సూప్‌కి కొనాలి, దేనికి వద్దు

వెజిటబుల్ సూప్‌లో వెన్న, పాలు, క్రీమ్ మానేద్దామనుకునేవాళ్ల చేతికి ముందుగా వచ్చేది 200 మి.లీ. కొబ్బరిపాల టెట్రా ప్యాక్. గుమ్మడికాయ, క్యారెట్, చిలగడదుంప సూపులకి దీన్ని ధైర్యంగా కొనొచ్చు. వాటి తీపిలో కొబ్బరి తీపి కలిసిపోతుంది. పుట్టగొడుగులు, కాలీఫ్లవర్ సూపులకి మాత్రం వద్దు. మిరియాలు, వెల్లుల్లి ఎంత పెంచినా కొబ్బరి వాసనే పైకి తేలుతుంది.

ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు దాదాపు 25 శాతం. ప్యాకెట్ కొబ్బరిపాలల్లో సాధారణంగా 15 నుంచి 20 శాతం, లేబుల్ మీద రాసి ఉంటుంది. అందుకే 100 మి.లీ. క్రీమ్‌కి 140 మి.లీ. కొబ్బరిపాలు పోసి, సూప్‌లో నీళ్లు ఆ అదనపు 40 మి.లీ. మేరకు తగ్గించాలి. వెన్న 25 గ్రాములు చెప్పినచోట నూనె 20 గ్రాములు చాలు, వెన్నలో ఐదో వంతు దాకా నీళ్లూ ఇతర పదార్థాలే.

ప్యాకెట్‌ని బాగా కుదిపాకే కత్తిరించండి. చల్లని చోట పెడితే కొవ్వు పైన గడ్డకడుతుంది. కుదపకుండా సగమే వాడితే మొదటి సూప్ జిడ్డుగా, రెండోది నీళ్లలా వస్తుంది. కొబ్బరిపాలు చివర్లోనే పోయాలి, సన్న సెగ మీద రెండు నిమిషాలు చాలు. తెర్లనిస్తే విరిగి నూనె తేలుతుంది. విరిగితే దించి మిక్సీలో ఒక తిప్పు తిప్పితే చాలావరకు కలుస్తుంది. వేడి సూప్‌తో జార్ సగానికి మించి నింపొద్దు, ఆవిరికి మూత ఎగిరిపోతుంది.

చవక కదా అని కొబ్బరిపాల పొడి కొనేవాళ్లు వెనకవైపు తప్పక చదవాలి. చాలా పొడుల్లో సోడియం కేసినేట్ ఉంటుంది. అది పాల ప్రొటీన్. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క శాకాహారం అని మాత్రమే చెబుతుంది, పాలు లేవని కాదు. కొన్ని సూప్ క్యూబుల్లోనూ పాలపొడి ఉంటుంది.

ఇక కాలీఫ్లవర్, పుట్టగొడుగులకి సరైనది జీడిపప్పు ముద్ద. వాసనతో పేచీ లేదు, పైగా పప్పులోని పిండిపదార్థం సూప్‌ని చిక్కబరుస్తుంది, మైదా కూడా అక్కర్లేదు. నలుగురికి 400 గ్రాముల కూరగాయలకి 40 గ్రాముల పప్పు. ముక్కలైన పప్పు కొంటే ధర తగ్గుతుంది, రుచిలో తేడా లేదు. ఉడుకు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, 100 మి.లీ. కొత్త నీళ్లతో వెన్నలా రుబ్బాలి. వేళ్ల మధ్య రవ్వ తగిలితే ఇంకా రుబ్బాల్సిందే, సూప్‌లో ఎంత ఉడికినా ఆ రవ్వ పోదు. సూప్‌లో వేశాక మూడు నాలుగు నిమిషాలు కలుపుతూనే ఉండాలి, వదిలేస్తే అడుగంటుతుంది. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది గనక మీకు కావాల్సినదానికన్నా కాస్త పలచగా ఉండగానే దించండి.

సోయా పాలు టమాటా సూప్‌లో పోయకండి, పులుపుకీ వేడికీ దాని ప్రొటీన్ పలుకులు పలుకులుగా విరుగుతుంది. టమాటాకి జీడిపప్పే నయం. ఇంట్లో తీసిన ఓట్ పాలు వేడికి జిగురుగా సాగుతాయి, సూప్‌కి అసలు వద్దు.

కొబ్బరిపాలు మిగిలితే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. తర్వాత గుమ్మడి సూప్ చేసినప్పుడు గడ్డల్ని నేరుగా వేడి సూప్‌లో వేసి, కరిగాక ఒకసారి మిక్సీలో తిప్పాలి, ఎందుకంటే గడ్డకట్టిన కొబ్బరిపాలు కరిగేటప్పుడు ఎలాగూ విడిపోతాయి.