వాటర్‌డీప్ యాత్ర: బస బంగారం, కూలి ఇత్తడి

వాటర్‌డీప్ నగరంలో పన్నెండు రోజులు కాపలా కాసి సంపాదించుకున్న మా 240 డ్రాగన్ల (అక్కడి బంగారు నాణేల) కూలి, దక్షిణ ద్వారం దాటి డాగర్‌ఫర్డ్ ఊరు చేరేసరికి 120 డ్రాగన్లయింది. దారిలో గాబ్లిన్లు అనే చిన్న రాక్షసులు మా మీద పడి గాయపరిచిన మాట నిజమే కాని, వాళ్ళు మా దగ్గర ఒక్క నాణెం కూడా ఎత్తుకుపోలేదు. మమ్మల్ని ముంచినవాడు మర్యాదగా మాట్లాడి, ద్వారం దాకా వచ్చి సాగనంపిన సరుకుల వ్యాపారి. ఆ నగరాన్ని తమ ఆటబల్ల మీదికి తెచ్చుకోవాలనుకునేవారికి మాకు జరిగినట్టు జరగకూడదని ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

తెలియనివారి కోసం ఒక మాట. వాటర్‌డీప్ మన భూమి మీది నగరం కాదు. కెనడాకు చెందిన ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్ననాడే ఊహించుకున్న లోకంలోది. ఆ లోకాన్ని 1987లో టీఎస్ఆర్ సంస్థ తలా ఒక కల్పిత పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు నేపథ్యంగా, ఫర్గాటెన్ రెల్మ్స్ అనే పేరుతో అచ్చువేసింది. మేము ఆ నగరాన్ని హైదరాబాద్‌లో మా భోజనాల బల్ల చుట్టూ కూర్చుని, ఆదివారం మధ్యాహ్నాల్లో చూశాం. కథ చెబుతూ, తీర్పులిస్తూ ఆట నడిపింది మా పెదనాన్నగారి అమ్మాయి, అంటే మా అక్క. ఆడింది నలుగురం: విలుకాడిగా నేను, మంత్రగత్తెగా మా చెల్లెలు, డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి) యోధుడిగా బావగారు, తాళాలు తీసే దొంగగా మా ఆఫీసు మిత్రుడు.

మొదటి మూడు రోజులు సాఫీగా గడిచిపోయాయి. ద్వారం దగ్గర సుంకం మనిషికి ఒక రాగి, నగరంలో ఎక్కడికి వెళ్ళాలన్నా బండికి ఒక రాగి. అక్కడ రాగి నాణేన్ని నిబ్ అని, వెండిదాన్ని షార్డ్ అని, బంగారుదాన్ని డ్రాగన్ అని, ప్లాటినందాన్ని సన్ అని అంటారు. పది నిబ్‌లు ఒక షార్డ్, పది షార్డులు ఒక డ్రాగన్, పది డ్రాగన్లు ఒక సన్. లెక్క ఇంత సులువుగా ఉండటంతో నాణేల గురించి ఇక తెలుసుకోవలసిందేమీ లేదని మేమందరం అనుకున్నాం.

బస విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: డాక్ వార్డులో డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. రేవును ఆనుకున్న ఆ పేటలో మనిషికి రాత్రికి ఒక షార్డ్ చొప్పున ఒక గది దొరికింది. నలుగురికీ కలిపి ఒకే గడ్డిపరుపు, కింద తెల్లవారిందాకా కొట్లాటలు, గోడ అవతల చేపల బుట్టలు. అక్క ఆ గదిని ఎంత బాగా వర్ణించిందంటే మా చెల్లెలు చేతిలోని సమోసా పళ్ళెంలో పెట్టేసి, ఇక్కడ ఇంకో రాత్రి ఉండేది లేదని తేల్చిచెప్పింది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు కనుక ఆమెకు మంత్రశక్తి తిరిగి రాలేదని కూడా అక్క తీర్పు ఇచ్చింది. మిగిలిన కొద్ది షార్డులకు ఒక రోజు మంత్రాలు పోయాయంటే అది లాభసాటి బేరం కాదు.

మర్నాడు క్యాజిల్ వార్డులోని యానింగ్ పోర్టల్ సత్రానికి మారాం. మా ఆటలో అక్కడ మనిషికి రాత్రికి 8 షార్డులు, భోజనం రోజుకు 5 షార్డులు, చిన్న ముంత బీరు 4 నిబ్‌లు. నలుగురికీ రోజుకు 5 డ్రాగన్లకు పైనే అవుతుంది. అయినా ఈ యాత్ర మొత్తంలో మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు ఇదొక్కటే. సత్రం నడిమధ్యన 40 అడుగుల వెడల్పు, 140 అడుగుల లోతు ఉన్న బావి ఉంటుంది. దాని అడుగున అండర్‌మౌంటెన్ అనే నేలమాళిగల చిక్కుదారులు మొదలవుతాయి. ఒకప్పుడు అందులోకి దిగి సంపదతో తిరిగివచ్చిన డర్నన్ అనే యోధుడే ఈ సత్రం యజమాని. తాడు మీద కిందికి దించడానికి ఒక డ్రాగన్ తీసుకుంటాడు. పైకి రావడానికి ఇంకో డ్రాగన్, అదీ ముందుగానే బకెట్లో పెట్టి పైకి పంపాలి. దిగినవాళ్ళు బతికి వస్తారా రారా అని చుట్టూ కూర్చున్నవాళ్ళు పందాలు కాస్తుంటారు.

మేము అందులోకి దిగలేదు. రెండో రాత్రి భోజనం చేస్తుండగా కింది నుంచి ఎవరో కేక వేశారని, బకెట్ పైకి వచ్చిందని అక్క చెప్పింది. అందులో ఏడు షార్డులే ఉన్నాయి, ఒకటి రక్తంతో తడిసి ఉంది. డర్నన్ వాటిని లెక్కపెట్టి, మూడు తక్కువని కిందికి అరిచి చెప్పాడు. పందెం కాసినవాళ్ళు నవ్వుతున్నారు. కిందివాడు మాట్లాడటం లేదు. బావగారు కుర్చీలోంచి లేచి నిలబడి, తన సంచిలోంచి మూడు షార్డులు తీసి బకెట్లో వేస్తున్నానని అన్నారు. పాచిక వేయవలసిన పని కూడా లేకుండా అక్క ఆ మనిషిని పైకి లాగించింది. పైకి వచ్చినవాడు చాలా చిన్న కుర్రవాడు, ఒంటరివాడు, మా బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడకుండా రెండు గిన్నెల పులుసు తాగాడు. ఆ రోజు మా ఇంట్లో టీ చల్లారిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. ఏ నగరమైనా మనకు గుర్తుండిపోయేది ఇలాంటి సత్రాల వల్లనే.

సిటీ ఆఫ్ ది డెడ్ అనే గోడ కట్టిన శ్మశానవాటికను పగటిపూట చూసి రండి, చెట్లతో తోటలా ఉంటుంది, ఖర్చేమీ లేదు. చీకటి పడితే మాత్రం అక్కడ ఉండకండి.

ఇక వ్యాపారి సంగతి. సరుకు గిడ్డంగికి కాపలా కాస్తే 240 డ్రాగన్లు ఇస్తానన్నాడు, కాశాం. చివరి రోజు సాయంత్రం, దుకాణాలన్నీ మూసుకుంటున్న వేళ, దక్షిణ ద్వారం దగ్గర డబ్బు చేతిలో పెట్టాడు. నాలుగు హార్బర్ మూన్లు, ఇరవై టావోల్‌లు. హార్బర్ మూన్ అంటే చంద్రవంక ఆకారంలో ఉండే ప్లాటినం నాణెం, నగరంలో దాని విలువ 50 డ్రాగన్లు. టావోల్ అంటే మధ్యలో రంధ్రం ఉన్న చదరపు ఇత్తడి నాణెం, విలువ 2 డ్రాగన్లు. రెండు వందలు, నలభై, లెక్క సరిగ్గా సరిపోయింది. మా చెల్లెలు నోట్‌బుక్కులో కూడి చూసి సరేనంది కూడా.

డాగర్‌ఫర్డ్‌లో నా విలుకాడికి, మా మిత్రుడి దొంగకు గాయాలు మానాలంటే రెండు మందుసీసాలు కావలసి వచ్చాయి, ఒక్కొక్కటి 50 డ్రాగన్లు. అక్కడి దుకాణదారు హార్బర్ మూన్‌కు 30 డ్రాగన్లే ఇస్తానన్నాడు, ఎందుకంటే వాటర్‌డీప్ గోడల బయట దాని విలువ అంతే. టావోల్‌నైతే చేత్తో కూడా ముట్టుకోలేదు. నగరంలో రెండు బంగారు నాణేల విలువ చేసే ఆ ఇత్తడి ముక్క బయట చిల్లిగవ్వతో సమానం. నాలుగు మూన్లూ ఇచ్చి 120 తెచ్చుకున్నాం, సీసాలకు 100 పోగా 20 మిగిలాయి. మనిషికి 60 రావలసిన చోట చేతికి అందింది 5 డ్రాగన్లు.

బావగారు ఆ ఆదివారం మిరపకాయ బజ్జీలు కూడా ముట్టలేదు. ముక్కూ మొహం తెలియనివాడికి మూడు షార్డులు ఇచ్చిన మనిషిని ఇలా మోసం చేయడం న్యాయమేనా అని అక్కను నిలదీశారు. "డ్వార్ఫ్‌లకు లోహాల సంగతి పుట్టుకతో తెలుస్తుంది కదా, ఒక్కసారి పాచిక వేయమని నువ్వైనా అనకూడదా?" అన్నారు. "వ్యాపారి చెప్పడండీ. నాణెం తీసుకునేవాళ్ళే అడగాలి" అంది అక్క. ఆమె మోసం చేయలేదు, ఆ నగరపు పుస్తకాల్లో ఉన్నదే ఆడించింది. అయినా ఈ విషయంలో నేను బావగారి పక్షమే. అక్కడ పుట్టి పెరిగిన పిల్లవాడికి కూడా తెలిసే సంగతిని, పన్నెండు రోజులు అక్కడే తిరిగిన మా పాత్రలకు ఒక్క పాచిక అవకాశమైనా ఇచ్చి తెలుసుకోనివ్వవలసింది.

కాబట్టి వెళ్ళేవారు కూలి బేరం కుదుర్చుకునేటప్పుడే డ్రాగన్లుగానో, సన్‌లుగానో ఇవ్వాలని చెప్పండి. లెక్క ఉదయం పూట, ద్వారానికి దూరంగా, నాణేలు మార్చుకునే వీలున్న చోట తేల్చుకోండి. మూన్లు చేతికి వస్తే నగరంలోనే మార్చుకోండి. టావోల్‌లు మిగిలితే బసకూ భోజనానికీ ఖర్చుపెట్టేసి బయలుదేరండి. ఆట నడిపేవారికి నాదొక విన్నపం: ఈ నాణేల మెలిక వాటర్‌డీప్ ప్రత్యేకతల్లో ఒకటి, తప్పక వాడండి, కాని మొదటి రోజునే ఏ సత్రంలోనో ఎవరి నోటి నుంచో అది ఆటగాళ్ళ చెవిన పడేలా చూడండి.

టావోల్‌లు మేము పారేయలేదు. మనిషికి అయిదు చొప్పున పంచుకున్నాం. వచ్చే ఆదివారం తిరిగి ఉత్తరానికి, అదే నగరానికి బయలుదేరుతున్నాం. బావగారు ఇప్పటికే కాగితం మీద లెక్క వేసి పెట్టుకున్నారు: అయిదు టావోల్‌లు అంటే పది డ్రాగన్లు, పది డ్రాగన్లు అంటే వంద షార్డులు, డర్నన్ సత్రంలో పన్నెండు రాత్రులు పోగా బకెట్లో వేయడానికి ఇంకా నాలుగు షార్డులు మిగులుతాయి.