అపార్ట్‌మెంట్ గ్రూపులో టైపింగా, వాయిస్ మెసేజా?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తెలుగు, తమిళ, బెంగాలీ, హిందీ కుటుంబాలు కలిసే ఉంటాయి. టైప్ చేసిన మెసేజ్‌ని కాపీ చేసి, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఎవరి భాషలోకి వాళ్లు మార్చుకోవచ్చు. వినికిడి సమస్య ఉన్నవాళ్లకూ విషయం అందుతుంది. నెల తర్వాత వెతికినా దొరుకుతుంది. సైజు ఒకటి రెండు కేబీలే. నిమిషం వాయిస్ మెసేజ్ వంద కేబీ దాటుతుంది. అయితే అసలు భారం వాయిస్‌ది కాదు, పొద్దున్నే వచ్చిపడే గుడ్ మార్నింగ్ వీడియోలది. ఒక్కొక్కటీ కొన్ని ఎంబీలు, అదీ ప్రతి ఫోన్‌లోనూ! వాటిని ఆపమని మొహమాటం లేకుండా అడగాలి.

వాయిస్‌ని నిషేధించడం మాత్రం అన్యాయం. చదువురాని వాచ్‌మన్, టైపింగ్ అలవాటులేని బామ్మగారు గ్రూపులో మాట్లాడగలిగేది దానితోనే. నీళ్ల ట్యాంకర్, తడి చెత్త, పొడి చెత్త సంగతులు కమిటీవాళ్లు టైప్ చేయాలి. జవాబు ఎవరికి వీలైనట్టు వాళ్లని ఇవ్వనివ్వాలి.