కెన్యా న్యేరి ఏఏ కాఫీ: ప్యాకెట్ రాగానే విప్పద్దు

మేముండేది న్యూజెర్సీలో, ఇంటికి దగ్గర్లోనే కాఫీ గింజలు వేయించి అమ్మే ఒక చిన్న రోస్టరీ ఉంది, ఐదు కేజీల డ్రమ్ము ఒక్కటే మెషీను, వారానికి రెండు రోజులే వేయిస్తారు, అదీ ఆర్డర్లు వచ్చినంత వరకే. వాళ్ళ దగ్గర కెన్యాలోని న్యేరి ప్రాంతం కాఫీ, ఏఏ గ్రేడుది, తీసుకున్నా, 340 గ్రాములు 24 డాలర్లు. రేటు ఎక్కువే, కాదనను. కానీ ఇది మూడో ప్యాకెట్ నడుస్తోంది, అందుకే ధైర్యంగా రాస్తున్నా.

ముందు ఒక్క కంప్లైంట్. మొదటి ప్యాకెట్ వేయించిన మూడో రోజే విప్పేశా, ఫ్రెష్‌గా తాగాలి కదా అని. పొడి మీద వేడి నీళ్ళు పోయగానే బుసబుసా పొంగింది, చూడ్డానికి భలే ఉంది, తాగితే మాత్రం ఉత్త పులుపు, పైగా పచ్చి వాసన. వేయించిన గింజలో కార్బన్ డయాక్సైడ్ ఉండిపోతుందట, అది కాస్త పోయేదాకా నీళ్ళు పొడిలోకి సరిగ్గా దిగవు, ఇలా లైట్‌గా వేయించిన గింజకి ఇంకా ఎక్కువ టైం కావాలి. అదే ప్యాకెట్ పదో రోజు తాగితే వేరే కాఫీనేమో అనిపించింది. షాపులో అడిగితే అవును, వారం పది రోజులు ఆగాలి అన్నారు. ఆ ముక్క ప్యాకెట్ మీద రాస్తే సగం ప్యాకెట్ వేస్ట్ అయ్యేది కాదు కదా! రోస్ట్ డేట్ మాత్రం స్పష్టంగా వేస్తారు, అందుకు మెచ్చుకోవాలి.

రుచి గురించి. ప్యాకెట్ మీద బ్లాక్ కరెంట్ పండు రుచి అని రాశారు, మనలో ఎంతమంది తిన్నాం అది? నాకైతే నేరేడు పండు. ఆ మాట మొదట చెప్పింది నేను కాదు, మా నాన్న. గుంటూరు నుంచి వచ్చారు, పొద్దున్నే గ్లాసుడు ఫిల్టర్ కాఫీ పడాల్సిన మనిషి. పాలు లేకుండా ఇస్తే ఒక గుక్క తాగి "ఏంట్రా, టమాటా చారులా ఉంది" అని పక్కన పెట్టేశారు. ఫోన్ మాట్లాడి వచ్చి, చల్లారిపోయిన కప్పు వృథా చెయ్యడం ఎందుకని తాగారు, "ఒరేయ్, నేరేడు పళ్ళు తిన్నాక నోరు ఎలా ఉంటుందో అలా ఉందిరా" అన్నారు. నిజం, ఈ కాఫీ గోరువెచ్చగా అయినప్పుడే తీపి బయటికొస్తుంది, పొగలు కక్కుతుండగా తాగితే సగం రుచి తెలీదు.

ఆ చారు మాట కూడా తప్పేం కాదు, కెన్యా కాఫీల్లో టమాటా లాంటి పులుపు మామూలే. న్యేరి అంటే కెన్యా పర్వతానికీ అబర్డేర్ కొండలకీ మధ్య ఎర్ర నేలలు, ఎత్తు ప్రాంతం, కాయ నిదానంగా పండుతుంది. చిన్న చిన్న రైతులు పండు కోసి సహకార సంఘం ఫ్యాక్టరీకి తెస్తారు, అక్కడ తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, మళ్ళీ మంచి నీళ్ళలో నానబెట్టి, మంచెల్లాంటి బల్లల మీద ఆరబెడతారు. అక్కడ పండే ఎస్‌ఎల్28 అనే కాఫీ రకం 1930లలో నైరోబీ దగ్గర స్కాట్ ల్యాబొరేటరీస్‌లో ఎంపిక చేసింది, ఎస్‌ఎల్ అంటే అదే. ఇంత మంచి కాఫీ పండించే దేశంలో జనం ఎక్కువగా తాగేది టీ అంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు.

ఏఏ చూసి మోసపోకండి, అది రుచికి మార్కు కాదు, గింజ సైజు మాత్రమే, మన కాఫీ పొడి షాపుల్లో ప్లాంటేషన్ ఏ, ప్లాంటేషన్ బీ అంటారే అలాగే. ఫ్యాక్టరీ పేరు రాసి ఉందా లేదా చూడండి, ఈ ప్యాకెట్ మీద ఉంది.

పాలు కలపద్దు. ఒకసారి కలిపి చూశా, పాలు విరిగినట్టు ఉంది. చికోరీ కలిపిన పొడికి, మన స్టీలు ఫిల్టర్‌కి అలవాటైన వాళ్ళు అదే రుచి కోసం ఇది కొనకండి, నిరాశ పడతారు. నేను పేపర్ ఫిల్టర్‌లో 16 గ్రాముల పొడికి 250 మి.లీ. నీళ్ళు పోస్తా, మరిగాక ఒక నిమిషం ఆగి, మొత్తం మూడు నిమిషాల్లో దిగిపోవాలి.

వేయించి ఐదారు వారాలు దాటితే వాసన పడిపోతుంది. ఇద్దరు తాగే ఇంట్లో ఒక ప్యాకెట్ ఆ లోపే అయిపోతుంది, ఒక్కరే అయితే సగం గాలి తగలకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.