గొంతులో అతుకుకి సొంత పక్కటెముకా, దాత ముక్కా: ఏది మేలు?

పలాస దగ్గర జీడితోటలో కింద పడుకున్న మా మేనల్లుడిని కట్లపాము కరిచింది. 16 రోజులు వెంటిలేటర్ మీద ఉంచి బతికించారు. ఇంటికొచ్చిన నెలకి నాలుగు మెట్లెక్కితే చాలు, ఈల వేసినట్టు ఊపిరి. ఆస్తమా అనుకుని మా అక్క ఇన్‌హేలర్ వాడించింది. అసలు సంగతి, వెంటిలేటర్ గొట్టం ఒరుసుకుని స్వరతంతువుల కింద మచ్చ కట్టి దారి ఇరుకైపోయింది. అక్కడుండే క్రికాయిడ్ అనే కార్టిలేజ్ (ఎముకకన్నా మెత్తగా ఉండే మృదులాస్థి) పూర్తి ఉంగరం. లోపల మచ్చ పెరిగితే బయటికి సాగదు.

మచ్చ పల్చగా ఉంటే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. వీడిది గట్టిపడింది. రవికె బిగుతైతే కుట్టు విప్పి మధ్యలో గుడ్డముక్క వేస్తాం కదా, అలాగే ఉంగరాన్ని చీల్చి కార్టిలేజ్ ముక్క అతకాలన్నారు విశాఖలో డాక్టరుగారు.

ఆ ముక్క ఎవరిది?

దాతదంటే చనిపోయినవారి పక్కటెముక కార్టిలేజ్. గామా కిరణాలతో శుద్ధి చేస్తారు, అందులో జీవకణాలు మిగలవు. కాబట్టి కిడ్నీ మార్పిడిలా జీవితాంతం మందులు మింగక్కర్లేదు (కిడ్నీ కష్టం గురించి ఉద్దానం వాళ్లకి ఒకరు చెప్పాలా!). ఛాతీ మీద రెండో కోత ఉండదు, ఆపరేషన్ టైమూ తగ్గుతుంది. కానీ ప్రాణం లేని ముక్క కాలం గడిచేకొద్దీ అరిగి కరిగిపోవచ్చు. ముక్కు ఆపరేషన్లలో దాత కార్టిలేజ్ బాగానే వాడుతున్నారు కదా అంటే, అక్కడ పైన చర్మం కప్పి ఉంటుంది. గొంతులో ఒక వైపు ఎప్పుడూ గాలికీ కఫానికీ తెరిచే ఉంటుంది. ఇన్ఫెక్షన్ వస్తే అతుకు నిలవడం కష్టం.

సొంత ముక్కలో కణాలు బతికుంటాయి. దాని మీది పొరను గాలిదారి వైపు పెట్టి కుడితే, గొంతు లోపలి చర్మం దాని మీదికి పాకుతుంది. ఇబ్బందల్లా ఛాతీ నొప్పి. అరుదుగా ఊపిరితిత్తి పొరకి చిల్లు పడే ప్రమాదమూ ఉంది. చెవి కార్టిలేజ్ పల్చన, చిన్న ఖాళీలకే సరిపోతుంది.

నన్నడిగితే కుర్రాళ్లకి సొంతదే. పెద్దవయసులో పక్కటెముక కార్టిలేజ్ సున్నం పట్టి గట్టిపడుతుంది, చెక్కడం కష్టం. అలాంటివారికీ, ఇదివరకే ముక్క తీసేసినవారికీ దాతది ఆలోచించవచ్చు.

మా అక్క "నాది తీసుకోండి బాబూ" అంది. "వాడిది వాడికుండగా నీదెందుకమ్మా" అన్నారు డాక్టరుగారు. వారం రోజులు మావాడు దగ్గొచ్చినప్పుడల్లా తలగడ ఛాతీకి అదుముకుని తిట్టుకున్నాడు, పాముని.