తెలుగు అనువాదం ఎక్కడ మొదలెట్టాలి: పాంటూనా, గ్నోమా, ట్రాన్స్‌లేట్‌వికీయా?

గ్లగ్‌లో (గ్నూ/లినక్స్ వాడుకరుల సంఘంలో) కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్ అడిగేది ఇదే: "కోడు రాయడం ఇంకా రాదు, తెలుగు బాగా వచ్చు, సాఫ్ట్‌వేరు అనువాదం ఎక్కడ మొదలెట్టాలి?" మీరు వాడే సాఫ్ట్‌వేరుతోనే మొదలెట్టండి అని చాలామంది చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ తెలుగు విషయంలో ఆ సలహా దారి తప్పిస్తుంది. మన జట్లు చిన్నవి. ఒకరిద్దరు ఉద్యోగాల్లో మునిగిపోతే జట్టంతా ఆగిపోతుంది. అందుకే ముందు చూడాల్సింది, మీరు రాసినదాన్ని ఆమోదించే మనిషి ఇప్పుడు పనిలో ఉన్నాడా లేడా అన్నది.

ఫైర్‌ఫాక్స్ అనువాదం జరిగే పాంటూన్‌లో పని మొదలెట్టడం చాలా తేలిక. ఖాతా తెరిచి, తెలుగు జట్టు పేజీకి వెళ్లి, బ్రౌజర్లోనే టైపు చేయొచ్చు. అనువాద స్మృతి (అంటే ఇంతకుముందు చేసిన ఇలాంటి అనువాదాలు), యంత్రానువాదం పక్కనే కనిపిస్తాయి. అయితే కొత్తవాళ్లు రాసేది "సూచన"గానే ఉండిపోతుంది. అనువాదకుడి హక్కు ఉన్నవాళ్లు ఆమోదించేదాకా అది ఫైర్‌ఫాక్స్‌లోకి వెళ్లదు. జట్టు పేజీలోని ఇన్‌సైట్స్ ట్యాబ్ తెరిస్తే, సమీక్షకు ఎంత కాలం పడుతోందో, సమీక్షించని సూచనలు ఎన్నాళ్లుగా పడి ఉన్నాయో గ్రాఫులో తెలుస్తుంది. ముందు ఇరవై ముప్ఫై వాక్యాలు రాసి రెండు వారాలు ఆగండి. ఒక్కటీ కదలకపోతే జట్టు మేనేజరుకు రాయండి. అంతేగానీ ఐదొందలు రాసి కుప్ప పోయకండి, ఆ కుప్పను చూసి సమీక్షకుడు ఇంకా దూరంగా పారిపోతాడు.

లినక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌ది పాత పద్ధతి. డ్యామ్డ్ లైస్ అనే సైటులో జట్టులో చేరి, ఒక మాడ్యూలును మీ పేరిట రిజర్వు చేసుకుని, అనువదించాల్సిన వాక్యాలుండే పీఓ ఫైలు దించుకుని, పోఎడిట్ అనే ఎడిటరులో నింపి తిరిగి ఎక్కించాలి. తర్వాత మరొకరు దిద్దాలి, ఇంకొకరు కోడు ఉండే రిపాజిటరీలో చేర్చాలి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు, కాకపోతే ఇన్ని చేతులు తెలుగు జట్టులో దొరకాలి. సమన్వయకర్త పలకకపోతే గ్నోమ్ అనువాద ప్రాజెక్టు నిర్వాహకులకు రాసి బాధ్యత మీరే అడగొచ్చు. విడుదలలు మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. వాటికి ముందు మూల ఇంగ్లీషు వాక్యాల మార్పులు ఆపేస్తారు కాబట్టి ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో చేసిన పని వృథా పోదు. పాత విడుదల ప్రకటనల్లో కనీసం 80 శాతం అనువాదమైన భాషలనే మద్దతున్న భాషల లెక్కలో వేసేవారు.

పీఓ ఫైళ్లలో తెలుగువాళ్లు పడే గుంట ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివరికి పోతుంది కాబట్టి రెండు శాతం-ఎస్ గుర్తుల (%s, ఫైలు పేరు లాంటిది వచ్చి కూర్చునే చోటు) వరుస తారుమారవుతుంది. శాతం గుర్తుకీ ఎస్‌కీ మధ్య 1$, 2$ అని స్థాన సంఖ్యలు వేయకుండా వరుస మారిస్తే పీఓ ఫైళ్లను తనిఖీ చేసే ఎంఎస్‌జీఎఫ్ఎంటీ పట్టుకోదు, ఫోల్డరు పేరు ఉండాల్సిన చోట ఫైలు పేరు వస్తుంది. ఒకటి శాతం-ఎస్, రెండోది శాతం-డి (%d, అంకె వచ్చే చోటు) అయితే మాత్రం అది ఆపేస్తుంది. అనువాదాన్ని మళ్లీ చూడాలని చెప్పే "ఫజ్జీ" గుర్తు తీయడం మరిచినా అంతే: మీరు సరిగ్గా దిద్దినా తెర మీద ఇంగ్లీషే కనిపిస్తుంది.

ఇక ట్రాన్స్‌లేట్‌వికీ. మొగ్గు నాకు ఇటే. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు మీడియావికీ; దాని తెర మీది మాటలు ఇక్కడే తయారవుతాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, పలువురు కలిసి రాసే ఈథర్‌ప్యాడ్ కూడా ఇక్కడే ఉన్నాయి. కొత్తవాళ్లు ముందు కొన్ని పరీక్ష అనువాదాలు చేయాలి, వాటిని చూసి నిర్వాహకులు హక్కు ఇస్తారు. ఆ ఒక్క గడప దాటితే మళ్లీ ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. భద్రపరిచినది బాట్ ద్వారా కోడులోకి, వారవారం విడుదలతో వికీపీడియా మీదికి వెళ్తుంది. చాలా సందేశాలకు (తెర మీద కనిపించే ఒక్కో మాటకు) "క్యూక్యూక్యూ" అనే వివరణ ఉంటుంది, సందేశంలో ఖాళీకి గుర్తుగా ఉండే $1 చోట పేజీ పేరు వస్తుందా వాడుకరి పేరు వస్తుందా అన్నది అందులో చూడొచ్చు. తెలుగుకు ఇది ప్రాణం. "$1ని తొలగించారు" అని రాస్తే ఒకచోట "పుస్తకంని" అని వస్తుంది. "$1 అనే పేజీని" అని రాస్తే విభక్తి గొడవే ఉండదు. వాడుకరి లింగాన్ని బట్టి మాట మార్చే జెండర్ టాగుతో "తరలించాడు, తరలించింది, తరలించారు" మూడూ ఇవ్వొచ్చు, కానీ "తరలించారు" ఒక్కటే రాస్తే టాగుతో పనే లేదు.

దీనికీ లోపం ఉంది. అడ్డుకునేవాళ్లు లేరు కాబట్టి చెడ్డ అనువాదమూ అంతే వేగంగా బయటికి పోతుంది. ఇంకొకటి, మీరు మార్చినా తెవికీలో (తెలుగు వికీపీడియాలో) పాత మాటే కనిపిస్తే, అక్కడి నిర్వాహకులు "మీడియావికీ" పేరుబరిలో (నేమ్‌స్పేస్‌లో) స్థానికంగా వేరే పాఠం పెట్టి ఉండొచ్చు. పేజీ చిరునామా చివర యూజ్‌లాంగ్ విలువగా క్యూక్యూఎక్స్ (uselang=qqx) ఇస్తే ప్రతి మాటకూ సందేశం పేరు కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని వెతకండి.

లిబ్రేఆఫీస్ వెబ్‌లేట్ అనే అనువాద వేదికలో ఉంది. అక్కడ సహాయ పాఠం జోలికి పోకుండా మెనూలు మాత్రం చేయండి. మరో డెస్క్‌టాప్ అయిన కేడీఈలో ఎస్‌వీఎన్ (ఫైళ్ల మార్పులు భద్రపరిచే సాధనం), లోకలైజ్ (అనువాద ఎడిటరు) నేర్చుకోవాలి, తొలి అడుగుకు అది బరువు.

ఒక్కరోజు శిబిరం పెట్టేవాళ్లు ట్రాన్స్‌లేట్‌వికీ ఖాతాలు, పరీక్ష అనువాదాలు వారం ముందే పూర్తి చేయించండి. హక్కు ఇచ్చేది మనిషి కాబట్టి, ఆదివారం పొద్దున పాతికమంది ఒకేసారి వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా చాయ్ తాగడమే అవుతుంది.